లెక్కలోకి రాని పూట

ఆశ్వయుజం 9. నేల లోపలికి వచ్చిన నలభై ఒకటో ఏడు.

తెల్లవారుజామున తలుపు తెరిచినప్పుడు పైన నలభై ఒకటి డిగ్రీలు. పడమటి గాలి, ఇసుక. లోపల ముప్పై మూడు. ఆరింటికి గడియారానికి కీ ఇచ్చాను. మేము గ్యాలరీ అనే కింది సొరంగంలో మంచినీటి పంపుకు వాషరు మార్చాను.

ఈ రోజు ఆయుధ పూజ. ఏటా చేసినట్టే కంప్యూటర్‌ను పదింటికి ఆపి, దుమ్ము తుడిచి, పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టాము. ఏడాది పొడుగునా మనకోసం పనిచేసిన దానికి ఒక గంట విశ్రాంతి ఇవ్వాలని మొదట లోపలికి వచ్చిన పెద్దలు పెట్టిన నియమం. దాని పక్కనే, తలుపుల మీద పేరుకునే ఇసుక తవ్వే జట్టువాళ్ళు పారలు వరసగా నిలబెట్టారు. మా అందరికీ పెద్ద అయిన బంగారయ్యగారు తలా ఒక బెల్లం ముక్క పంచారు.

పదకొండింటికి మళ్ళీ స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే వాక్యం: బూట్ డివైస్ దొరకలేదు. ఆపి మళ్ళీ వేశాను. మూడుసార్లు. అదే వాక్యం.

పంపుగానీ దీపాలుగానీ ఒకటి రెండు రోజులు లేకపోయినా బతకవచ్చు. తలుపులు అలా కాదు. పైకి వెళ్ళే వాలు మీద మూడు ఇనుప తలుపులు ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున మూడు నుంచి ఐదు వరకు, పైన చల్లబడిన వేళ, కంప్యూటరే వాటిని తెరుస్తుంది, ఫ్యాన్లు కొత్త గాలి లాగుతాయి. చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉండేది. ఎనిమిదేళ్ళ కింద పంపు విరిగినప్పుడు ఆ ఇనుము దానికి వాడేశాము. వాడమన్నది నేనే.

బంగారయ్యగారు ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. సాయంత్రానికి చూస్తానన్నాను. జనానికి అప్పుడే చెప్పవద్దన్నారు. కానీ మధ్యాహ్నం గంట కంప్యూటర్ కొట్టలేదు, నేను చేత్తో కొట్టాను. దాంతో అందరికీ తెలిసింది.

సాయంత్రం ఆరింటికి కీ ఇచ్చాను.

ఆశ్వయుజం 10.

తలుపులు తెరుచుకోలేదు కాబట్టి పైన ఎంతో తెలియదు. లోపల ముప్పై నాలుగు. గడియారానికి కీ ఇచ్చాను.

పెట్టె విప్పాను. కంప్యూటర్ లేవడానికి కావలసిందంతా రాసి ఉండే డ్రైవ్ అరచేతిలో సగం ఉంటుంది. తీసి, కరెంటు తగిలే దాని పళ్ళను రబ్బరుతో రుద్ది, తుడిచి, మళ్ళీ పెట్టాను. లేవలేదు. కేబుల్ మార్చాను. ఇంకో చోట గుచ్చాను. లేవలేదు. సెట్టింగ్స్ తెరలోకి వెళ్ళి చూస్తే జాబితాలో డ్రైవ్ పేరు కనిపిస్తోంది. ఉన్నది ఉన్నట్టు పేరు చదువుతోంది, దాన్నుంచి మాత్రం లేవడం లేదు. ఇదెలాగో నాకు అర్థం కాలేదు. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. సగం పేజీలు లేని ఒక పుస్తకం చదివి, చేసి, పాడుచేసి నేర్చుకున్నాను.

ఆ తెరలో తారీఖు జనవరి ఒకటి అని, ఎప్పటిదో పాత ఏడు అని ఉంది. అది చూసి కూడా పట్టించుకోలేదు. నా దృష్టంతా డ్రైవ్ మీదే ఉంది.

రెండు వందల పద్నాలుగు మందికి లోపలి గాలి నాలుగు రోజులు. కదలకుండా పడుకుంటే ఐదు. బంగారయ్యగారు పొయ్యిలు ఆర్పించారు. ఎవరూ గంట వినకుండా లేవకూడదు, గంట కొట్టినప్పుడు మాత్రం లేచి నీళ్ళు తాగి, ఉన్నది తిని మళ్ళీ పడుకోవాలి. దీపాలు కూడా కంప్యూటర్ చేతిలోనివే కాబట్టి గ్యాలరీలన్నీ చీకటి. నూనె దీపం ఒక్క నా గదిలోనే. గంట నా చేతిలో, గడియారం నా గదిలో. వేళ ఎంతయిందో ఇప్పుడు లోపల నేను చెప్తేనే తెలుస్తుంది.

ఇసుక జట్టు మేస్త్రి నూకరత్నం వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పోయిన నా భార్యకు చెల్లెలు. పైన మూడు రోజుల ఇసుక పేరుకుంటే మూడో తలుపు సగంలో ఇరుక్కుంటుందని, తెరిచే వేళ తన జట్టు ఆరుగురూ తలుపు వెనకే ఉండాలని చెప్పింది. వేళ సరిగ్గా చెప్పమంది. చెప్తానన్నాను.

సాయంత్రం కీ ఇచ్చాను. నిద్ర లేదు.

ఆశ్వయుజం 11.

లోపల ముప్పై ఐదు. గడియారానికి కీ ఇచ్చాను. ఒళ్ళు వెచ్చగా ఉంది.

దేవుడి అర దగ్గర రేకు డబ్బాలో ఉన్న రెండో డ్రైవ్ తీసుకున్నాను. మొదటి డ్రైవ్ పోతే వాడాలని పదకొండేళ్ళ కింద దాని మీదికి అంతా ఎక్కించి దాచాము. వాడితే అరిగిపోతుందని ఒక్కసారి కూడా గుచ్చలేదు. ఎర్ర గుడ్డలో చుట్టి, కర్పూరం వేసి, ఏటా పూజ రోజున డబ్బాకు బొట్టు పెట్టేవాళ్ళం. డబ్బా తీస్తున్నప్పుడు బంగారయ్యగారు చేతులు జోడించారు. ఇప్పటికైనా భయం తీరిందన్నారు.

గుచ్చాను. జాబితాలో పేరు కూడా రాలేదు. ఇంకో కేబుల్‌తో ఒకసారి వచ్చింది. లోపల ఏమీ లేదు.

కరెంటు తగలకుండా, ఇంత వేడిలో, ఏళ్ళ తరబడి పడి ఉంటే ఇలాంటి డ్రైవ్‌లో రాసింది మెల్లగా చెరిగిపోతుంది. పుస్తకంలో చదివాను. చదివి కూడా డబ్బా తెరవలేదు. నెలకొకసారి ఒక గంట గుచ్చి ఉంటే సరిపోయేది. అంత భద్రంగా దాచకపోయి ఉంటే ఈ పాటికి బతికి ఉండేది.

బంగారయ్యగారికి చెప్పాను. ఆయన గుడ్డ మడత పెట్టి డబ్బాలో వేసి మూత పెట్టి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

కింది గ్యాలరీలో పసిపిల్లలు ఏడవడం తగ్గింది. నాకది నచ్చలేదు.

ఎవరూ రాకుండా గది లోపల గడియ పెట్టుకున్నాను. రాత్రి గంట ఎనిమిదికి కొట్టాను. తొమ్మిదింటికి జ్వరం ఎక్కువైంది. కాసేపు నడుం వాల్చి లేస్తాను.

ఆశ్వయుజం 12.

పొద్దున నాలుగింటికి లేచాను. గడియారానికి కీ ఇచ్చాను. ఐదింటికి గంట కొట్టాను. జ్వరం తగ్గింది. దీపంలో నూనె అయిపోయి ఉంది. తక్కువ పోసి ఉంటాను, మళ్ళీ పోశాను. కుండలో నీళ్ళన్నీ తాగాను.

లోపల ముప్పై ఆరు. మెట్లు ఎక్కితే గుండె కొట్టుకుంటోంది.

నూకరత్నం గదిలోకి వచ్చి నా దీపం అందుకుని నా ముఖం మీదికి ఎత్తి చూసింది. “ఏటి బావా, గెడ్డం అలా పెరిగిపోనాది? ఒక్క రేత్రికే?” అంది. పని తొందరలో చూసుకోలేదన్నాను.

రెండో డ్రైవ్ పోయింది కాబట్టి ఇక మొదటిదే దిక్కు. చేయడానికి ఏమీ తోచక, పద్నాలుగేళ్ళ కింద ఈ గదిలోకి వచ్చినప్పటి నా మొదటి నోటుపుస్తకం తీశాను. అప్పట్లో ఏ తెర మీద ఏమి కనిపించినా అర్థం తెలియకపోయినా తెలుగు అక్షరాల్లో దించుకునేవాడిని. సెట్టింగ్స్ తెర మొత్తం, ముప్పై ఒక్క వరసలు, అలాగే దించి ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క వరస వేలు పెట్టి పోల్చాను.

ఇరవై తొమ్మిది వరసలు ఒకటే. రెండు తేడా. ఒకటి తారీఖు. రెండోది బూట్ మోడ్, అంటే ఏ పద్ధతిలో లేవాలో చెప్పే వరస. నా పుస్తకంలో యూఈఎఫ్ఐ అని ఉంది. తెర మీద లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంది.

అప్పుడు తెలిసింది. డ్రైవ్‌కు ఏమీ కాలేదు. లోపల బొత్తాం అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తారీఖునూ సెట్టింగ్స్‌నూ గుర్తుంచుకునేది అదే. ఏడాదంతా కరెంటు ఉండటంతో అది ఎప్పుడు చచ్చిందో మాకు తెలియదు. పూజకు ఒక గంట ఆపాము. ఆ గంటలో కంప్యూటర్ తానెవరో మరిచిపోయింది. ఈ రోజేమిటో, ఎలా లేవాలో రెండూ మరిచిపోయి, తయారైన నాటి పద్ధతికి వెళ్ళిపోయింది. డ్రైవ్ మీద రాత ఒక పద్ధతిలో ఉంటే అది ఇంకో పద్ధతిలో వెతుకుతోంది. తారీఖు తప్పుగా ఉందని మొదటి రోజే చూశాను. అక్కడే ఆగి ఉంటే ఒక్క గంట పని.

బూట్ మోడ్ మార్చాను. తారీఖు, వేళ కూడా ఎక్కించాలి. లేస్తూనే అది వేళ చూసుకుంటుంది, దాన్ని బట్టే తలుపులు. నా గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట నలభై.

పన్నెండో తారీఖు అని కొట్టాను. వేళ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అదే రోజు. అదే రోజో కాదో.

పైన రాసినదాంట్లో అబద్ధం ఉంది. కొట్టివేయను. ఉన్నది ఇక్కడ రాస్తాను.

నాలుగింటికి లేచానని రాశాను. లేచేసరికి గడియారం ఆగి ఉంది. రెండూ పదికి ఆగింది. ఈ గడియారం ఒక కీకి ఇరవై గంటలే నడుస్తుంది, అందుకే రెండు పూటలా ఇస్తాను. పదకొండో తారీఖు సాయంత్రం జ్వరంలో కీ ఇవ్వడం మరిచాను. పద్నాలుగేళ్ళలో అదొక్కసారే. పొద్దున ఆరింటి కీతో అది రాత్రి రెండింటి దాకా నడిచి ఆగింది. ఆగి ఎంతసేపయిందో తెలియదు. గది చీకటి. ఎవరూ లేపలేదు, నేనే గడియ పెట్టుకున్నాను. గంట వినపడకపోతే ఎవరూ లేవకూడదని నియమం కాబట్టి అందరూ పడుకునే ఉన్నారు. కాసేపే నిద్రపోయి ఉంటానని, ముల్లు నాలుగు మీద పెట్టి కీ ఇచ్చాను. గంట కొట్టాను. పొద్దున అని నేనన్నాను, అందరూ పొద్దున అనుకున్నారు.

నూనె ఎండిపోయింది. గడ్డం పెరిగింది. కుండెడు నీళ్ళు తాగాను. ఇవన్నీ చూసి కూడా నోరు విప్పలేదు. నా లెక్క తప్పదని ఇక్కడ పేరు. ఆ పేరు పోతుందని.

నేను లేచింది నిజంగా పొద్దున నాలుగింటికే అయితే ఇప్పుడు మధ్యాహ్నం, పైన అరవై దాటి ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి అయితే ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, తేడా ఒక పూట. ఈ గడియారం ముఖం చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

మేము లోపలికి వచ్చిన మూడో ఏట వేళ తప్పి తలుపులు మధ్యాహ్నం తెరుచుకున్నాయట. ఎండకు కాలిన ఇసుక మీద పడి, తలుపు వెనక ఉన్న పదహారు మందిలో ఒక్కరినీ గుర్తుపట్టలేకపోయారట. ఆ గాలి కింది గ్యాలరీ దాకా వచ్చిందట.

మూడో తలుపును చేత్తో ముట్టుకుని పగలో రాత్రో చెప్పలేము. దాని వెనక ఇసుక రాత్రంతా వేడిగానే ఉంటుంది.

నూకరత్నం దగ్గరికి వెళ్ళి చెప్పాను. చీకట్లో చెప్పాను కాబట్టి చెప్పగలిగాను.

ఆమె, “ఎంతసేపు తొంగున్నావ్?” అంది.

“తెలీదు.”

“తెలీదా, సెప్పడానికి సిగ్గా?”

“తెలీదు రత్నం.”

“మా అప్పని తిన్నావా అని అడగాలన్నా పుస్తకం సూసి అడిగేవోడివి. నీ లెక్కా తప్పింది,” అంది, నా భార్యను తలచుకుని. అందులో కోపం ఎంతో, ఇంకేదో ఎంతో నాకు తెలియలేదు. “నువ్వు ఒప్పుకోకుండా వేళ ఎక్కించేసుంటే నా జట్టోళ్ళు ఏటైపోదురు?” అంది.

వేళ కొలవడానికి గడియారం కాకుండా లోపల ఇంకేముందని ఇద్దరం ఆలోచించాము. ఆమెకే తట్టింది. నా గదిలోని దీపం అందుకుని, నన్ను రెక్క పట్టుకుని వంటశాలకు తీసుకువెళ్ళింది.

పైడమ్మ నలభై ఏళ్ళుగా ఇక్కడ వంట. ఆమెకు డెబ్బై దాటాయి. తరవాణి కుండ ఆమె పెట్టిందే. రోజూ గంజి, బియ్యం కడుగు అందులో పోస్తుంది, పులుస్తూ ఉంటుంది, పొద్దున అందరికీ అదే. పదకొండో తారీఖు రాత్రి ఎనిమిది గంట విన్నాక, దాచి ఉంచిన చివరి కడుగు పోసి మూత పెట్టిందట. నేను పొద్దున అని గంట కొట్టినప్పుడు అందరికీ పోసిందట. పులుపు ఎక్కువైందని నలుగురైదుగురు తాగలేదట. వేడికి అలా అయిందనుకుని ఊరుకుందట.

నూకరత్నం నా సంగతి దాచకుండా చెప్పింది. పైడమ్మ గరిటెతో కొంచెం తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

“ఇది ఇప్పటి పులుపు. ఆ వేళ పోసింది గుర్తు తెచ్చుకోనీ,” అంది. కాసేపటికి, “అది ఒక రేత్రి పులుపు కాదు నాయనా. రేత్రీ పగలూ కలిసిన పులుపు,” అంది.

“పైడమ్మ నాలిక మీద ఇంతమంది పేణాలు ఎట్టేద్దామా?” అంది నూకరత్నం.

“నలభయ్యేళ్ళ బట్టీ నా నాలిక మీదే కదే తింతన్నారు,” అంది పైడమ్మ.

బంగారయ్యగారినీ ఇసుక జట్టువాళ్ళనూ లేపాము. బంగారయ్యగారు కూర్చుని విన్నారు. నా వైపు చూడలేదు. ఆగి ఇంకొంచెం రూఢి చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. నేను లెక్క చెప్పాను. పైడమ్మ చెప్పింది నిజమైతే ఇప్పుడు పదమూడో తారీఖు తెల్లవారుజాము రెండు, రెండున్నర. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ చీకటి పడే దాకా ఆగాలి, అప్పటికి ఐదో రోజు గాలి కూడా అయిపోవస్తుంది. పొద్దున నుంచి కింది గ్యాలరీలో ఇద్దరు పిల్లలు పాలు తాగడం లేదు. పైడమ్మ చెప్పింది తప్పయితే ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. అప్పుడు మొదట చచ్చేది తలుపు వెనక ఉన్నవాళ్ళు.

ఆయన జట్టువాళ్ళ వైపు తిరిగి, మీరేమంటారని అడిగారు. గోడకు ఆనుకున్న ఆరుగురూ నూకరత్నం వైపు చూశారు.

“వేళ సెప్పినోడే ముందల నిలబడాల,” అంది ఆమె. ఆ మూడో ఏటి తర్వాత వచ్చిన ఆచారం అది. ఎప్పుడూ అవసరం పడలేదు.

నిలబడతానన్నాను.

ఆశ్వయుజం 13. అని నమ్ముతున్నాను.

పైన ఎంతో తెలియదు. లోపల ముప్పై ఆరు.

పదమూడో తారీఖు, తెల్లవారుజాము రెండూ నలభై అని ఎక్కించి సేవ్ కొట్టాను. తెర నల్లబడింది. చాలాసేపు నల్లగానే ఉంది. తర్వాత మన గుర్తు వచ్చింది, కింద చుక్కలు తిరిగాయి. డ్రైవ్ నుంచి లేచింది. నాలుగు రోజులుగా నేను కోరుకున్నది ఇదే. ఇప్పుడు చూస్తే సంతోషం రాలేదు.

గ్యాలరీల్లో రాత్రి దీపాలు ఎర్రగా వెలిగాయి. కింద జనం లేచిన చప్పుడు. మధ్యాహ్నం రాత్రి దీపాలేమిటని ఎవరో గట్టిగా అడుగుతున్నారు. కంప్యూటర్‌కు ఏమి తెలుసు? నేను చెప్పిందే దానికి తెలుసు.

తర్వాత ఈ గదిలో కూర్చునేవారికి. ఆ బొత్తాం బ్యాటరీలు లోపల ఎక్కడా లేవు, కాబట్టి ఇక మీదట పూజ రోజున కంప్యూటర్‌ను ఆపవద్దు. నడుస్తూ ఉండగానే బొట్టు పెట్టండి. ఆగితే బూట్ మోడ్ వరస చూడండి, నా మొదటి నోటుపుస్తకంలో నాలుగో పేజీ. రెండో డ్రైవ్ మీదికి మళ్ళీ అంతా ఎక్కించి నెలకొకసారి గుచ్చండి. గుడ్డలో చుట్టకండి. చేతిచక్రం మళ్ళీ చేయించండి. గడియారం ఆగితే ఆగిందని చెప్పండి.

పుస్తకం వెంట తెచ్చుకున్నాను. లోపలి రెండు తలుపులను కంప్యూటర్ జట్టు కోసం మూడుకు ముందే తెరుస్తుంది. మొదటి తలుపు దాటాము. రెండోది దాటాము. ఇప్పుడు మూడో తలుపు ముందు కూర్చున్నాము. అందరికంటే ముందు నేను, నా వెనక నూకరత్నం, ఆ వెనక ఆరుగురు. తలుపు ఇనుము వేడిగా ఉంది. ఎప్పుడూ ఇంతేనని ఆమె అంది. జట్టులో ఒకడు నన్ను, పైకి ఎప్పుడైనా వచ్చావా మావా అని అడిగాడు. లేదన్నాను. పద్నాలుగేళ్ళూ తెరిచే వేళకు నేను కంప్యూటర్ దగ్గరే. మొదటిసారి రావడానికి మంచి రోజు చూసుకున్నావని అతను అంటే ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు గోడలకు తగిలి తిరిగి వచ్చింది, ఇంకెవరూ నవ్వలేదు.

తలుపు కింద నుంచి పైకి లేస్తుంది. ముందు ఇసుక జారుతుంది. ఇసుక పైన సందు కనిపిస్తుంది. ఆ సందులో వెలుగు కనిపిస్తే రెండో తలుపు దాకా పరుగెత్తడానికి మాకు ముప్పై అడుగులు. ఎవరూ చేరుకోలేరని అందరికీ తెలుసు.

నూకరత్నం దీపం ఆర్పేసింది. సందు బాగా కనపడాలట. చీకట్లో రాస్తున్నాను, వరసలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయి.

మోటారు మొదలైంది. మూడు అయినట్టుంది.

ఇసుక కాళ్ళ మీదికి వస్తోంది. మోకాళ్ళ దాకా. వేడిగా ఉంది. నూకరత్నం నా చొక్కా వెనక పట్టుకుంది.

తలుపు ఇరుక్కుంది. మళ్ళీ కదిలింది.

సందు ఎక్కడో తెలియడం లేదు. కళ్ళకు ఏమీ ఆనడం లేదు. తలుపు లేవలేదేమో అనుకుని చెయ్యి చాచాను. చేతికి ఇనుము తగల్లేదు. చెయ్యి అవతలికి వెళ్ళింది. అక్కడా చీకటే. చీకటే, అని నేనే అరిచినట్టున్నాను. వేళ్ళ మధ్య గాలి తిరుగుతోంది. నలభై ఉంటుంది. నలభై ఒకటి ఉంటుంది.

నూకరత్నం పార నా చేతిలో పెట్టింది. రాసింది చాల్లే బావా, తవ్వు అంటోంది. వస్తున్నానన్నాను, ఒక్క వరస. కింద గదిలో గడియారానికి కీ